రెండు బొమ్మల నడుమ

వారపత్రిక వచ్చే ఇళ్ళలో అందరికీ అనుభవమైన సంగతి ఒకటుంది. సీరియల్లో కథానాయకుడు కర్ర ఎత్తుతాడు. రచయిత అక్కడ "సశేషం" అని రాసి చేతులు దులుపుకుంటాడు. ఎత్తిన కర్ర ఏడు రోజులూ గాలిలోనే ఉంటుంది. దాన్ని దించే భారం చదువరులది. వంటింట్లో అమ్మగారు ఒకలాగ దించుతారు. అబ్బాయి బడికి పోతూ దారిలో మరొకలాగ దించుతాడు. తాతగారు, "వాడు కొట్టడు, చూస్తూ ఉండండి" అని అసలు దించనే దించరు. పత్రికలో బొమ్మ ఒక్కటే, దెబ్బలు మాత్రం ఇంటికి నాలుగు.

టెక్కలిలో చాలా ఏళ్ళు డ్రాయింగు మేష్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, ఈ విషయం మీద నాకు కాస్త అభిమానం ఎక్కువ. మా జిల్లాలో కోడి రామమూర్తి నాయుడుగారి ఫోటో చూడనివారు అరుదు. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, వంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంపి, దేశదేశాల పేరు పొంది 1942లో కన్నుమూసిన మల్లుడాయన. ఫోటోలో మాత్రం పతకాలు పెట్టుకుని ఊరికే నిలబడి ఉంటారు. ఊపిరి ఎప్పుడు బిగబట్టారో, కాలు ఎక్కడ తన్నిపెట్టారో, గొలుసు ఏ క్షణాన తెగిందో ఆ ఫోటో చెప్పదు. అది చూసినవాళ్ళకు తెలుసు, వాళ్ళతోనే పోయింది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, మా అక్కగారి అబ్బాయి బ్రతుకుతెరువు అచ్చంగా ఈ చిక్కు మీదనే ఆధారపడి ఉంది.

అక్కావాళ్ళది పలాస. బావగారిది జీడిపప్పు వ్యాపారం. కుర్రవాడు డిగ్రీ పూర్తిచేసి బాంకు పరీక్షలు రాస్తాడనుకుంటూ ఉండగా, హైదరాబాదు పోయి కంప్యూటరులో బొమ్మలకు నడక నేర్పే విద్య నేర్చాడు. దానిని యానిమేషన్ అంటారు. పెళ్ళిపిలుపులకూ సబ్బుల ప్రకటనలకూ బొమ్మలు ఆడించి, గత సంవత్సరం వీడియో గేములు తయారుచేసే ఒక కంపెనీలో ఆరు నెలల షరతు మీద చేరాడు. పని నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే నమస్కారం పెడతారు. "సంక్రాంతికి తేలకపోతే వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో" అని బావగారు ముందే చెప్పేశారు.

వాడికిచ్చిన పని ఇదీ: ఒక జపాను బొమ్మల కథలో నాలుగు పేజీలు. కథానాయకుడు కర్ర పట్టి ఆరు దెబ్బలు కొడతాడు. ఆ ఆరు దెబ్బలూ గేములో కొట్టించాలి. మావాడు మూడుసార్లు చేసి చూపించాడు. మూడుసార్లూ ఒకే మాటతో వెనక్కు వచ్చింది: "బరువు లేదు."

పండక్కి నేను పలాస వెళ్ళేసరికి కుర్రవాడి మొహం వాడిపోయి ఉంది. అక్కగారు నన్ను పక్కకు పిలిచి, "కాగితం మీద ఎవడో ఎవణ్ణో కొడితే, దాన్ని మళ్ళీ కంప్యూటర్లో కొట్టించడానికి ఒకడికి జీతమేవిట్రా, తమ్ముడూ? బొమ్మ ఉండనే ఉంది గదా!" అన్నది.

ప్రశ్న సామాన్యమైనది కాదు. ఆవిడకు చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను.

జపానువాళ్ళు బొమ్మల కథలను మాంగా అంటారు. అవీ మన సీరియళ్ళలాగే వారం వారం పత్రికల్లో వస్తాయి. పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. 1968లో పుట్టిన 'షోనెన్ జంప్' అనే పత్రిక వీటికి పేరెన్నిక గన్నది. అందులో అకిరా తొరియామా అనే ఆయన 1984 నుంచి 1995 వరకు 'డ్రాగన్ బాల్' అనే కథ నడిపాడు. కథానాయకుడి పేరు గోకు. చైనావారి పాత కథలోని వానరవీరుడి పేరే జపాను ఉచ్చారణలో సోన్ గోకు అయింది. ఆ వానరవీరుడి చేతిలోలాగే చిన్ననాటి గోకు చేతిలోనూ కోరినంత పొడుగు సాగే కర్ర ఒకటి ఉంటుంది. తరువాత కథలో గోకుకు మహాబలం వచ్చినప్పుడు నల్లజుట్టు బంగారు రంగుకు తిరుగుతుంది. అచ్చులో అది ఒట్టి తెల్లకాగితమే. జుట్టుకు నల్ల సిరా నింపే శ్రమ తన సహాయకుడికి తప్పించడం కూడా అందుకు ఒక కారణమని తొరియామాయే చెప్పుకున్నాడు. వారం వారం గడువు ముంచుకొచ్చే పనిలో ఎంతటివాడికైనా సిరా లెక్క తప్పదు మరి! ఆయన 2024 మార్చి 1న కాలం చేశాడు.

ఇటువంటి కథల్లో పోట్లాట బొమ్మను జాగ్రత్తగా చూడండి. ఒక గడిలో వీరుడు కర్ర వెనక్కు పెట్టి ఉంటాడు. పక్క గడిలో ప్రత్యర్థి ఎగిరిపోతూ ఉంటాడు. మధ్యలో నాలుగు గీతలు. దెబ్బ ఏ గడిలోనూ లేదు! రెండు గడుల నడుమ సన్నటి తెల్లటి సందులో ఉంది. దాన్ని కొట్టినవాడు చదువరి. 'ఫిస్ట్ ఆఫ్ ది నార్త్ స్టార్' అనే పేరుతో లోకానికి తెలిసిన మరో కథ ఉంది. 1983లో మొదలైంది. అందులో వీరుడు ఒకేసారి లెక్కలేనన్ని గుద్దులు గుద్దుతాడు. చిత్రకారుడు ఒకే గడిలో, దసరా పందిట్లో దుర్గమ్మ విగ్రహానికిమల్లే, ఒకే ఒంటికి బోలెడు పిడికిళ్ళు వేస్తాడు. చూసినవారు అబ్బో అనుకుంటారు. అదే 2005లో గేముగా వచ్చినప్పుడు, ఆ పిడికిళ్ళు ఒకదాని వెంట ఒకటి వెళ్ళి తగలక తప్పలేదు.

గేము అనేది చదువరికి ఆ సందు వదలదు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు తిరుగుతాయి. పోట్లాట గేములో 60. అరవయ్యింటికీ ఎవరో ఒకరు లెక్క చెప్పాలి. ప్రతి దెబ్బకూ మూడు భాగాలు: బయలుదేరడం, తగలడం, తిరిగి రావడం. చిన్న గుద్దు బయలుదేరిన నాలుగైదు బొమ్మల్లో, అంటే దరిదాపు సెకనులో పన్నెండో వంతులో తగలాలి. ఆలస్యమైతే, మీట నొక్కిన పిల్లవాడు "నా మాట వినడం లేదు" అని విసుక్కుంటాడు. పెద్ద దెబ్బ బయలుదేరడమూ ఆలస్యమే, తిరిగి రావడమూ ఆలస్యమే. ఆ తిరిగి వచ్చే వ్యవధిలోనే ఎదుటివాడు మనల్ని కొడతాడు. ఇంకొక చిత్రం వినండి. దెబ్బ తగిలిన క్షణాన కొట్టినవాడూ తిన్నవాడూ కూడా కొన్ని బొమ్మలపాటు శిలల్లా ఆగిపోతారు. కంటికి ఆగినట్టు తెలియదు, గట్టిగా తగిలిందని తెలుస్తుంది. అంత పరుగులోనూ గేము ఒక్క లిప్తపాటు మళ్ళీ మాంగా బొమ్మ అవుతుందన్నమాట.

ఈ విద్యలో యోకొహామాలోని ఆర్క్ సిస్టమ్ వర్క్స్ అనే కంపెనీవారిది అందె వేసిన చెయ్యి. రెండు భంగిమలు ఇస్తే నడిమి బొమ్మలన్నీ కంప్యూటరే నింపి పెడుతుంది. నింపుతుంది కాని నూనె రాసినట్టు జారిపోతుంది, చేత్తో గీసిన బొమ్మ పొగరు ఉండదు. అందుకని వాళ్ళు 2014లో వచ్చిన 'గిల్టీ గియర్' గేములో ఆ సదుపాయాన్ని పక్కన పెట్టి, ప్రతి భంగిమనూ మనిషే దిద్ది నిలిపే పద్ధతి పట్టారు. చెయ్యి ముందుకు వస్తే దాన్ని సాగదీస్తారు, పిడికిలిని పెంచుతారు. పక్కకు వెళ్ళి చూస్తే ఆ బొమ్మ అష్టావక్రంగా ఉంటుంది. ఎదురుగా చూస్తే అచ్చం పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుంటుంది. 2018లో వారే 'డ్రాగన్ బాల్ ఫైటర్జ్' తయారుచేసి, తొరియామా గడులను కదిలించి చూపించారు.

ఇదంతా విని అక్కగారు, "అయితే ఆ నడిమి బొమ్మలు ఎక్కణ్ణుంచి తెస్తార్రా?" అన్నది.

ఎక్కణ్ణుంచి తెస్తారు? ఎవరో ఒక మనిషి ఒంట్లోంచి తేవాలి. అమెరికాలో జోర్డన్ మెక్నర్ అనే కుర్రవాడు 1989లో వచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' గేము కోసం తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి వీడియో తీసి, దాని మీదనే బొమ్మలు గీశాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలోని పోరాటం చూసుకున్నాడు. అన్నగారి రాకుమారుడికి తమ్ముడుగారి కాళ్ళు! ఇళ్ళలో తమ్ముళ్ళకు ఇటువంటి చాకిరీ ఎక్కడైనా తప్పదు కాబోలు.

ఆ మాట అంటూ ఉండగానే నాకు మా సాము గురువుగారు జ్ఞాపకం వచ్చారు.

పలాస నుంచి తూర్పుకు తిరిగి సముద్రం వేపు పోతే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస దట్టంగా అల్లుకున్న నేల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే ఒడ్డెక్కి తోటలకు తోటలు పడగొట్టింది. ఆ తరువాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషికి నీడనిస్తున్నాయి. ఆ తోటల నడుమ ఒక ఊళ్ళో గురువుగారు పూర్వం తాలింఖానా నడిపేవారు. పండగ వచ్చిందంటే కర్రసాము ఆయనదే. కర్ర తిప్పుతుంటే కర్ర కనబడేది కాదు, గుండ్రటి గాలి కనబడేది. పడుచుతనంలో నేను ఆ జనంలో నిలబడి పెన్సిలుతో ఆయన బొమ్మలు గీసేవాణ్ణి. ఆ పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది. యాభై బొమ్మలకు పైనే. అన్నీ తగిలిన దెబ్బలే, బయలుదేరుతున్నది ఒక్కటీ లేదు. కంటికి నిలిచేది అదే, పెన్సిలుకు అందేదీ అదే.

ఉద్దానం అంటే ఇవాళ లోకానికి కొబ్బరికన్న ముందు మూత్రపిండాల జబ్బు గుర్తుకొస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో ఈ జబ్బు కోసమని పరిశోధన కేంద్రమూ 200 పడకల ఆసుపత్రీ తెరిచారు. గురువుగారికీ ఆ జబ్బు వచ్చింది. వారానికి మూడు రోజులు పలాస పోయి డయాలిసిస్ చేయించుకుని వస్తారు. ఆ పని లేని రోజు చూసుకుని, మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని, పాత బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాను.

మనిషి సగమయ్యారు. అయినా నన్ను గుర్తుపట్టి, "రండి మేష్టారూ" అని అరుగు మీద చోటిచ్చారు. వాళ్ళ కోడలు తోటలోని బొండాలు కొట్టించి మా ఇద్దరికీ ఇచ్చింది. ఆయన ముట్టలేదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువట, ఆ జబ్బువారికి పనికిరాదు. తన చేత్తో నాటిన చెట్టు బొండం అతిథులకు ఇచ్చి, తాను లెక్క ప్రకారం గుక్కెడు నీళ్ళు తాగారు. ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు ఉబ్బెత్తుగా ఉంది. అక్కడ వేలు ఆనిస్తే లోపల తేనెటీగ రొద చేసినట్టుంటుంది. ఆ చేతి మీదనే ప్రాణం నడుస్తున్నది కనుక, దానితో బరువు ఎత్తకూడదు, కర్ర పట్టకూడదు.

మేనల్లుడు తన పని సంగతి చెప్పి, ఫోనులో తాను చేసిన బొమ్మ చూపించాడు. పసుపుపచ్చ జుట్టు వీరుడు కర్ర విసిరాడు. గురువుగారు రెండుసార్లు చూశారు.

"ఈ బాబుకి కాళ్ళు నేవేటి?" అన్నారు.

"ఉన్నాయి గదా తాతా!"

"ఉన్నాయి, ఊరికే ఉన్నాయి. దెబ్బ సేతిలో నేదు బాబూ, మడమలో ఉంది. మడమ నుంచి నడుంకొచ్చి, నడుం నుంచి బుజానికొచ్చి, ఆ తరవాత కర్రకి. సెయ్యి ఒట్టి దారి."

లేచి నిలబడ్డారు. కోడలు వద్దంటున్నా వినిపించుకోకుండా, కుడిచేత్తో తేలికపాటి వెదురు ఒకటి తీసుకున్నారు. మేనల్లుడు ఫోను సిద్ధం చేశాడు. సెకనుకు 240 బొమ్మలు తీస్తుందట అది. గురువుగారు కొట్టబోయి ఆగారు.

"కొట్టినాక ఎక్కడికొస్తావు?" అని అడిగారు వాణ్ణి.

వాడు తెల్లబోయాడు.

"అది ముందు సెప్పు. తిరిగొచ్చీడం రానోడికి నాను కొట్టడం నేర్పనేదు."

మేనల్లుడు నా వంక చూశాడు. గేములవాళ్ళు లెక్కలు కట్టి పట్టుకున్న మూడో భాగం, ఈ ఊరి ఇసుకలో మొదటి పాఠం!

నాలుగే నాలుగు దెబ్బలు చూపించారు. ఐదోదానికి ఆయాసం వచ్చి కూర్చున్నారు. ఎడమ చెయ్యి పక్కన ఖాళీగా వేలాడుతూనే ఉంది. "ఈ సెయ్యి ఉన్నట్టు అనుకోండి" అన్నారు. అప్పుడు నా బొమ్మల పుస్తకం పనికి వచ్చింది. అందులో రెండు చేతులూ ఉన్నాయి. ఏ దెబ్బకు ఎడమ పిడికిలి కర్ర మీద ఎంత దూరాన ఉంటుందో, బొటనవేలు ఎటు తిరుగుతుందో ఆనాడు చూసి గీసినదే. గురువుగారు ఒక్కొక్క కాగితం తిప్పుతూ, "ఇది ఆ ఏడు పండగది... అప్పుడు ఇంకా మీసం నేదు" అనుకుంటూ, మూడో దెబ్బ ఏ బొమ్మదో, నాలుగోది ఏ బొమ్మదో మాకు గుర్తులు పెట్టి ఇచ్చారు. కదలికకు ఆయన, నిలకడకు నా పెన్సిలు. రెండూ కలిస్తేగాని ఒక్క మనిషి కాలేదు.

పలాస వచ్చి ఆ రాత్రి మామా అల్లుళ్ళం లెక్కకు కూర్చున్నాం. గురువుగారి దెబ్బ, ఆ జబ్బు ఒంటితో కూడా, మడమ కదిలింది మొదలు కర్ర ఆగేవరకు అర సెకను పైచిలుకు: గేము లెక్కలో 32 బొమ్మలు. కంపెనీవారిచ్చినది 14. మిగిలిన 18 తీసెయ్యాలి. అంతకు ముందు వాడు అన్ని చోట్ల నుంచీ సమానంగా తీసేవాడు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ఇప్పుడు అలా చెయ్యలేదు. మడమకూ నడుముకూ తొమ్మిది బొమ్మలు ఉంచాడు. చేతి ప్రయాణం మొత్తానికీ ఒకే ఒక్కటి వేసి, ఆ ఒక్క బొమ్మలో కర్రను వంకీ తిరిగిన చారలా సాగదీశాడు. మిగిలిన నాలుగూ తగిలి నిలవడానికి. నడిపించి చూస్తే, అంతకు ముందుకన్న తక్కువ కదులుతున్నది, ఎక్కువ తగులుతున్నది. పక్కగదిలోంచి బావగారు వచ్చి, చప్పుడు లేని ఆ బొమ్మను చూసి, "అబ్బా!" అని భుజం తడుముకున్నారు. వ్యాపారస్థుడి నోట అంతకన్న పెద్ద యోగ్యతాపత్రం ఏముంటుంది?

నాలుగోసారి పని నిలిచింది. కుర్రవాణ్ణి మరొక ఏడాదికి ఉంచుకున్నారు. అక్కగారు కంపెనీలో అందరికీ పంచమని జీడిపప్పు పొట్లాలు కట్టి పంపింది. పిల్లవాడు బాంకులో చేరలేదన్న బెంగ ఆవిడకు ఇంకా ఉంది, కాని ఎవరైనా అడిగితే మాత్రం, "మావాడు బొమ్మలకు కాళ్ళు నేర్పుతాడు" అంటున్నది.

నాకు ఒక్క శంక మిగిలింది. ఆ గేము ఎవరి చేతిలోకి పోతుందో! ఆడే పిల్లలకు ఆ దెబ్బ పసుపుపచ్చ జుట్టువాడిదే. ఉద్దానంలో ఒక ముసలాయన ఊపిరి కూడగట్టుకుని నాలుగుసార్లు చూపించాడని అందులో ఎక్కడా ఉండదు. మాఘమాసంలో మళ్ళీ వెళ్ళినప్పుడు ఈ మాట గురువుగారితోనే అన్నాను. ఆయన నవ్వి, "మా గురువు పేరు నా కర్ర మీద రాసుందేటి, మేష్టారూ? పట్టుకున్నోడికి వొచ్చిందా నేదా, అదీ సంగతి" అన్నారు.

ఆవేళ ఆయనకు లేచి నిలబడే ఓపిక లేదు. మంచం మీద కూర్చునే ఫోను దగ్గరగా పెట్టించుకుని చూశారు. వీరుడు ఆరు దెబ్బలూ కొట్టాడు, ఆరుసార్లూ తిరిగి తన చోటికి వచ్చి నిలబడ్డాడు. మళ్ళీ చూపించమన్నారు. ఆ పైన మళ్ళీ. చివరికి కళ్ళజోడు తీసి, తన తాలింఖానాలో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి గురించి వాళ్ళ తండ్రికి చెబుతున్నట్టుగా అన్నారు:

"కుర్రోడు బాగానే వొస్తన్నాడు. ఐదో దెబ్బకి మాత్రం మడమ తొందరగా ఎత్తేస్తన్నాడు. సెప్పండి."

ఐదోది ఆయన చూపించకుండా కూర్చుండిపోయిన దెబ్బ. హైదరాబాదుకు ఫోను చేసి చెప్పాను. ఆ రాత్రే దిద్దాడు.